అయోర్టా-ఐవీసీ ఫిస్టులా: ఎప్పుడు అనుమానించాలి, ఎలా తేల్చాలి, ఎలా మూయాలి

అయోర్టా అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని, ఐవీసీ అంటే శరీరం కింది భాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర, ఫిస్టులా అంటే ధమనికీ సిరకూ మధ్య పడిన అసహజమైన దారి. మీ ప్రశ్న సారాంశం ఇదీ. 68 ఏళ్ల పేషెంటు. రెండు కాళ్లూ తొడల దాకా వాచాయి, ఆయాసం ఉంది, మూత్రం తగ్గింది, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) 2.9. గుండె వైఫల్యం అనుకుని మూత్రం పెంచే ఫ్యూరోసెమైడ్ ఇస్తున్నారు, గుణం కనబడటం లేదు. ఎకోలో ఎడమ జఠరిక దెబ్బతినలేదు సరికదా మామూలుకంటే గట్టిగా కొడుతోంది. పొట్ట అల్ట్రాసౌండ్‌లో 7 సెం.మీ. అయోర్టిక్ అన్యూరిజం (ధమని గోడ బుడగలా ఉబ్బడం), పక్కనే ఉబ్బిన ఐవీసీ, దానిలో ‘టర్బులెన్స్’ అని రిపోర్టు వచ్చింది. ఇది ఫిస్టులానేనా, ఎలా తేల్చాలి, ఓపెన్ సర్జరీనా స్టెంట్ గ్రాఫ్టా (ధమని లోపలి నుంచి అమర్చే, బట్ట తొడిగిన గొట్టం), కిడ్నీలు కుదుటపడేదాకా ఆగవచ్చా, పొట్టలోని మిగతా ఫిస్టులాలకూ ఇవే సూత్రాలు వర్తిస్తాయా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. మీరు చెప్పిన వివరాలకు, కాదని రుజువయ్యేదాకా, ఇది అయోర్టా-ఐవీసీ ఫిస్టులానే. ఈరోజే మూడు ఫేజుల సీటీ యాంజియో చేయించండి, క్రియాటినిన్ చూసి కాంట్రాస్ట్ (రక్తనాళాలు సీటీలో వెలిగేలా ఎక్కించే మందు) ఆపకండి. అన్యూరిజం మెడ (ఉబ్బు మొదలయ్యే ముందు మామూలుగా ఉన్న అయోర్టా భాగం) అనుకూలంగా ఉండి ఇన్‌ఫెక్షన్ లేకపోతే స్టెంట్ గ్రాఫ్ట్, కాదంటే ఓపెన్. కిడ్నీల కోసం ఆగకూడదు. ఫిస్టులా మూస్తేనే అవి కోలుకుంటాయి.

ఇక కారణాలు.

అన్యూరిజం గోడ వెనక కుడివైపు ఐవీసీకి అతుక్కుని, ఒరుసుకుని, చివరికి రక్తం బయటికి పగలకుండా సిరలోకే పగులుతుంది. పగిలిన అన్యూరిజంలలో సుమారు 3 నుంచి 6 శాతం ఇలాంటివని పుస్తకాలు చెబుతాయి. రంధ్రం ఎక్కువగా అయోర్టా రెండుగా చీలే చోటుకు కాస్త పైన, కుడి పక్క వెనక గోడలో ఉంటుంది. దీన్ని మొదట వర్ణించినది జేమ్స్ సైమ్, 1831లో. విజయవంతంగా సరిచేసినది డెంటన్ కూలీ, 1954లో. అంటే జబ్బు కొత్తదేమీ కాదు. ఇప్పటికీ ప్రాణాలు పోతున్నది ఎక్కువగా ఆలస్యం వల్లే.

రంధ్రం పడగానే అయోర్టాలోని రక్తం నిరోధం తక్కువ ఉన్న సిరలోకి మళ్లుతుంది. కాలువకు మధ్యలో గండి పడితే పైనుంచి ఎంత నీళ్లు వదిలినా చివరి పొలానికి అందవు, గండి పక్క పల్లం మాత్రం మునుగుతుంది. ఇక్కడా అంతే. డయాస్టోలిక్ పీడనం పడిపోతుంది, గుండె వేగం పెంచుకుంటుంది, కార్డియాక్ అవుట్‌పుట్ నిమిషానికి 10 లీటర్లు దాటవచ్చు. ఐవీసీ పీడనం పెరిగి కాళ్లు, వృషణాల సంచి, మూత్రాశయం సిరలన్నీ ఉబ్బుతాయి. కిడ్నీకి రెండు వైపులా దెబ్బే. ధమనిలో తోసే పీడనం తగ్గింది, సిరలో ఎదురు పీడనం పెరిగింది. మధ్య తేడా తగ్గిపోయి వడపోత ఆగుతుంది, రెనిన్-ఆల్డోస్టెరాన్ వ్యవస్థ ఉప్పునీ నీటినీ ఇంకా పట్టి ఉంచుతుంది. కాబట్టి ఆ 2.9 క్రియాటినిన్ చాలామటుకు కిడ్నీ కణజాలం చెడిపోవడం వల్ల వచ్చింది కాదు. ఫ్యూరోసెమైడ్ పని చేయకపోవడానికీ అదే కారణం.

దీన్నుంచి మరో ఆచరణాత్మక విషయం తేలుతుంది. బీపీ తక్కువ ఉందని సెలైన్ సీసాలు వరసగా ఎక్కిస్తే ఆ నీళ్లు సిరలోకే చేరి ఊపిరితిత్తులు నిండుతాయి. నారడ్రినలిన్ పెంచుకుంటూ పోతే మిగతా ధమనులు బిగుసుకుని రంధ్రం గుండా ప్రవాహం ఇంకా పెరుగుతుంది. మనిషి స్పృహలో ఉండి మాట్లాడుతుంటే సిస్టోలిక్ 80 నుంచి 100 మధ్య ఉన్నా సర్దుకుపోండి. సీవీపీ (గుండె దగ్గరి పెద్ద సిరలో పీడనం) 20 ఉన్నంతమాత్రాన మనిషిలో రక్తం పుష్కలంగా ఉందనుకోకండి. రెట్రోపెరిటోనియంలోకి (పొట్ట పొర వెనక భాగంలోకి) కూడా కారుతుంటే ఎక్కువ సీవీపీతోనే షాక్‌లోకి వెళ్తాడు.

మంచం దగ్గర ఏం చూడాలి

పుస్తకంలోని త్రయం పొట్ట లేదా నడుము నొప్పి, నాడిలా కొట్టుకునే ఉబ్బు, యంత్రం తిరుగుతున్నట్టు ఆగకుండా వినిపించే బ్రూయి (రక్త ప్రవాహపు హోరు). మూడూ కలిసి అందరిలో దొరకవు. స్టెతస్కోప్ బెల్‌ను బొడ్డుకు కొంచెం కుడిగా పెట్టి నొక్కకుండా వినండి. సిస్టోల్‌లో పెరిగి డయాస్టోల్‌లోనూ ఆగని శబ్దం ఉంటే అనుమానం దాదాపు తీరినట్టే. చేయి పెడితే థ్రిల్ (కంపనం) తగలవచ్చు. శబ్దం లేనంతమాత్రాన ఫిస్టులా లేదనుకోకూడదు. బీపీ పడిపోయినప్పుడూ, లావుపాటి మనిషిలోనూ, అన్యూరిజంలోని రక్తపు గడ్డ రంధ్రానికి అడ్డుపడినప్పుడూ అది వినపడదు.

బీపీ అంకెల మధ్య దూరం చూడండి. 110/40, నాడి 115, చేతులు వెచ్చగా, కాళ్లు నీలంగా, చల్లగా, వాచి ఉన్నాయంటే ఆ కలయిక మామూలు గుండె వైఫల్యంలో కనబడదు. మూత్రంలో రక్తం ఉందేమో చూడండి. మూత్రాశయం గోడలోని సిరలు ఉబ్బి చిట్లడం వల్ల వస్తుంది. దాన్ని రాయి అనుకుని యూరాలజీకి పంపడం తరచూ జరిగే పొరపాటు. రెండోది, కాళ్ల వాపును డీవీటీ (లోతు సిరలో రక్తపు గడ్డ) అనుకుని రక్తం పలచబరిచే హెపారిన్ మొదలుపెట్టడం. పగిలిన అన్యూరిజం ఉన్న మనిషికి అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. కారణం తెలియని ప్రియాపిజం (తగ్గని అంగస్తంభన), మలద్వారం నుంచి రక్తం కూడా ఇదే సిరల ఒత్తిడికి సూచన కావచ్చు.

డాప్లర్ విషయానికొస్తే, ‘టర్బులెన్స్’ అని ఒక్క మాట రాసి వదిలేయడం నాకు నచ్చని అలవాటు. రేడియాలజిస్టును మూడు విషయాలు అడగండి: ఐవీసీలో వేవ్‌ఫారం ధమనిలా కొడుతోందా, అయోర్టాలో రంధ్రానికి పైన డయాస్టోల్ అంతా ప్రవాహం ముందుకు సాగుతోందా, రంగులు ఒకచోట రక్తనాళం దాటి కణజాలంలోకి చిమ్మినట్టు కనబడుతున్నాయా. మూడోది కంపనం వల్ల వచ్చే ఆర్టిఫాక్ట్. దాని కేంద్రం ఎక్కడో రంధ్రం అక్కడే. తొడ సిరలో కొట్టుకునే ప్రవాహం ఒక్కటే చూసి తేల్చేయకండి, తీవ్రమైన ట్రైకస్పిడ్ రిగర్జిటేషన్‌లోనూ (గుండె కుడి కవాటం లీకవడం) అది వస్తుంది. అప్పుడు కాలేయ సిరల్లో సిస్టోల్ సమయంలో రక్తం వెనక్కి వెళ్లడం కనబడుతుంది, ఎకో మిగతాది చెబుతుంది.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూసేవారికి ఒక హెచ్చరిక. మెడ సిరలో వేసిన లైన్ కొన ఎస్వీసీలో (శరీరం పై భాగం రక్తం తెచ్చే పెద్ద సిరలో) ఉంటే అక్కడి శాంపిల్ మామూలుగానే రావచ్చు. ఎందుకంటే ఆక్సిజన్ నిండిన ఎర్ర రక్తం చేరేది ఐవీసీలోకి. కుడి కర్ణిక నుంచో పల్మనరీ ధమని నుంచో తీస్తేనే పెరుగుదల పట్టుబడుతుంది. దీనికోసం ప్రత్యేకంగా కాథెటర్ వేయమని మాత్రం నేను చెప్పను. సీటీ ఉన్నప్పుడు అనవసరం, ఐవీసీలో తేలుతున్న గడ్డ ఉంటే ప్రమాదం కూడా.

సీటీ ఎలా తీయించాలి, ఎలా చదవాలి

రిక్వెస్ట్ ఫారంలో ‘అయోర్టా-ఐవీసీ ఫిస్టులా అనుమానం’ అని స్పష్టంగా రాయండి. కుడి మోచేతి దగ్గర 18 గేజ్ కాన్యులా, సెకనుకు 4 నుంచి 5 మి.లీ. వేగం, మొత్తం 80 నుంచి 100 మి.లీ. కాంట్రాస్ట్. నిర్ణీత ఆలస్యంతో కాకుండా బోలస్ ట్రాకింగ్‌తో (కాంట్రాస్ట్ అయోర్టాకు చేరడం చూసి మొదలుపెట్టే పద్ధతి) తీయాలి. ఈ పేషెంట్లలో రక్తం ఎప్పుడు ఎక్కడికి చేరుతుందో అంచనాకు అందదు. కాంట్రాస్ట్ లేకుండా ఒకటి, ధమని ఫేజ్ ఒకటి, 60 నుంచి 70 సెకన్ల దగ్గర మూడోది. డయాఫ్రం పైనుంచి తొడ ధమనుల దాకా, 1 మి.మీ. స్లైసులు. ఆక్సిజన్ తక్కువగా ఉంటే ఛాతీ కూడా కలపండి. అన్యూరిజంలోని గడ్డ ముక్క సిరగుండా ఊపిరితిత్తుల్లోకి ఎగిరిపోయి ఉండవచ్చు. కాలి సిరలో కాంట్రాస్ట్ ఎక్కించవద్దు. ఐవీసీ మొదటే వెలిగిపోయి మొత్తం పరీక్ష పనికిరాకుండా పోతుంది.

చదివేటప్పుడు ముఖ్యమైనది ఒకటే: ధమని ఫేజ్‌లో కిడ్నీ సిరలకు దిగువన ఉన్న ఐవీసీ అయోర్టా అంత తెల్లగా వెలుగుతోందా? దిగువన అన్న మాట గుర్తుపెట్టుకోండి. కిడ్నీల నుంచి కాంట్రాస్ట్ చాలా త్వరగా తిరిగి వస్తుంది కాబట్టి, ధమని ఫేజ్ కాస్త ఆలస్యమైతే కిడ్నీ సిరల పైన ఐవీసీ ఆరోగ్యవంతుడిలోనూ తెల్లబడుతుంది. దాన్ని చూసి ఫిస్టులా అని హడావిడి పడకూడదు. ఇలియాక్ సిరలు (కాళ్ల నుంచి వచ్చి ఐవీసీగా కలిసేవి) కూడా ముందే వెలిగితే, అయోర్టాకూ ఐవీసీకీ మధ్య కొవ్వు గీత మాయమైతే, కిడ్నీలు రెండూ మందంగా ఆలస్యంగా వెలిగితే ఇక సందేహం అక్కర్లేదు.

తర్వాత కొలతలు. కిందికున్న రీనల్ (కిడ్నీ) ధమని నుంచి అన్యూరిజం మొదలయ్యేదాకా మెడ పొడవు, వ్యాసం, వంపు. రంధ్రం పరిమాణం. రంధ్రం నుంచి ఇలియాక్ సిరలు కలిసే చోటుకు దూరం. ఇలియాక్ ధమనుల్లో గ్రాఫ్ట్ ఆనుకునే చోటు. ఐవీసీలో గడ్డ ఉందా. ఎడమ రీనల్ సిర అయోర్టాకు ముందు నుంచి వెళ్తోందా, వెనక నుంచా అన్నది విడిగా రాసుకోండి. వెనక నుంచి వెళ్లే సిర వందలో ఇద్దరు ముగ్గురిలో ఉంటుంది. అన్యూరిజం ఆ సిరలోకి పగిలితే చిత్రం వేరు: ఎడమ పక్క నొప్పి, మూత్రంలో రక్తం, పని చేయని ఎడమ కిడ్నీ. కాళ్ల వాపు ఉండకపోవచ్చు. ముందే తెలియకుండా ఆపరేషన్‌లో ఆ సిరను చీల్చితే దాన్ని అదుపు చేయడం నరకం.

ఇంకొక సంగతి. గడ్డ అడ్డుపడిన రంధ్రం సీటీలో కనబడకపోవచ్చు. అన్యూరిజం తెరిచి గడ్డ తీయగానే నల్లటి రక్తం ఉబికి వచ్చినప్పుడే తెలుస్తుంది. అందుకే ఐవీసీకి అతుక్కున్న ఏ పెద్ద అన్యూరిజం తెరిచినా సిరను ఆపే సరంజామా ట్రేలో ఉంచుకోవాలి.

స్టెంట్ గ్రాఫ్ట్

మెడ పొడవు కనీసం 10 నుంచి 15 మి.మీ., వంపు 60 డిగ్రీల లోపు, వ్యాసం గ్రాఫ్ట్ సైజులకు లోబడి ఉండి, ఇలియాక్‌లలో 15 మి.మీ. ఆనుకునే చోటు ఉంటే నా మొగ్గు దీనికే. పొట్ట తెరవక్కర్లేదు, సిరలోంచి లీటర్ల కొద్దీ రక్తం పోయే ఘట్టమే ఉండదు, లోకల్ అనస్థీషియాలో చేయవచ్చు. గ్రాఫ్ట్ వ్యాసం మెడకంటే 10 నుంచి 20 శాతం ఎక్కువ తీసుకోండి.

మామూలు అన్యూరిజంకీ దీనికీ టేబుల్ మీద తేడాలున్నాయి. మొదటిది, కాంట్రాస్ట్ నిలవదు. అన్యూరిజంలోకి దిగగానే ఐవీసీలోకి కొట్టుకుపోతుంది, ఇలియాక్‌లు మసకగా కనబడతాయి. సెకనుకు 20 మి.లీ. చొప్పున 30 నుంచి 40 మి.లీ. ఇచ్చినా అంతే. కాబట్టి పొడవులన్నీ సీటీ మీదే లెక్కకట్టి, వెన్నుపూసల గుర్తులతో సరిచూసుకుని వెళ్లాలి. ఇంట్రావాస్కులర్ అల్ట్రాసౌండ్ ఉంటే వాడుకోండి.

రెండోది ఇంకా ముఖ్యం. వైరు రంధ్రం గుండా ఐవీసీలోకి జారిపోవచ్చు. ముందు నుంచి చూస్తే అయోర్టా పక్కనే ఉంటుంది కాబట్టి తేడా తెలియదు. గట్టి వైరు ఎక్కించే ముందు పక్క కోణంలో తిప్పి చూడండి, కొన ఆర్చ్ (గుండె పైన అయోర్టా వంపు) చుట్టూ తిరిగిందా, కుడి కర్ణిక వైపు పోయిందా అని. గ్రాఫ్ట్ రెండో కాలు అమర్చే గేటులోకి (నోట్లోకి) వైరు పెట్టాక కూడా పిగ్‌టెయిల్ కాథెటర్ గ్రాఫ్ట్ లోపల స్వేచ్ఛగా తిరుగుతుందో లేదో చూసుకోవాలి.

మూడోది ఎండోలీక్, అంటే గ్రాఫ్ట్ వేశాక కూడా అన్యూరిజం సంచిలోకి రక్తం చేరడం. మామూలు కేసులో టైప్ 2 లీక్‌ను (పక్క కొమ్మల నుంచి వచ్చేది) కొన్నాళ్లు చూస్తూ ఊరుకుంటాం. ఇక్కడ సంచికి సిరలోకి తలుపు తెరిచే ఉంది. లంబార్ ధమనుల నుంచో ఇన్ఫీరియర్ మెసెంటరిక్ నుంచో వచ్చే రక్తం సంచి దాటి ఐవీసీలోకి పోతూనే ఉంటుంది, ఫిస్టులా చిన్నదై బతికే ఉంటుంది. చాలామందిలో గడ్డకట్టి ఆగిపోతుంది. గుండె వైఫల్యం లక్షణాలు తగ్గకపోయినా, ప్రవాహం పెరుగుతున్నా ఆగవద్దు. తొడ సిర నుంచి ఐవీసీ గుండా రంధ్రం దాటి సంచిలోకి వెళ్లి కాయిల్స్ లేదా ప్లగ్‌తో మూయవచ్చు, లేదా ఐవీసీలో కవర్డ్ స్టెంట్ వేసి సిర వైపు నుంచి మూయవచ్చు. ఐవీసీ స్టెంట్ వేసేటప్పుడు రీనల్ సిరల నోళ్లు కప్పకుండా చూసుకోవాలి, ఆ తర్వాత రక్తం పలచబరిచే మందు తప్పదు. టైప్ 1 (గ్రాఫ్ట్ అంచుల దగ్గరిది), టైప్ 3 (గ్రాఫ్ట్ అతుకులు, బట్ట గుండా వచ్చేది) లీక్ మాత్రం టేబుల్ మీద ఉండగానే సరిచేయాలి.

జ్వరం, తెల్లకణాలు పెరగడం, సీటీలో అన్యూరిజం చుట్టూ గాలి బుడగలు, ఒకవైపే బొడిపెలా పొడుచుకొచ్చిన సంచి, బ్లడ్ కల్చర్‌లో సాల్మొనెల్లా లేదా స్టాఫ్. ఇవి ఉంటే స్టెంట్ గ్రాఫ్ట్ ప్రాణం నిలపడానికి తాత్కాలిక వంతెన మాత్రమే. ఇన్‌ఫెక్షన్ మీద బట్ట పరిచి వదిలేసినట్టవుతుంది.

ఓపెన్ చేయాల్సి వస్తే

పేషెంటును నిద్రపుచ్చే ముందే చర్మం శుభ్రం చేసి డ్రేప్ వేసి, సర్జన్ చేతులు కడుక్కుని సిద్ధంగా ఉండాలి. పెద్ద లైన్లన్నీ మెడలోనో చేతుల్లోనో. తొడ సిరలో వేసిన లైన్ నుంచి ఎక్కించే రక్తం మీరు నొక్కి పట్టిన ఐవీసీ కిందే ఆగిపోతుంది. సెల్ సేవర్ (కారిన రక్తాన్ని కడిగి తిరిగి ఎక్కించే యంత్రం), కనీసం 6 నుంచి 10 యూనిట్ల రక్తం, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు గదిలోకి వచ్చి ఉండాలి. ట్రేలో 20 నుంచి 24 ఫ్రెంచ్ ఫోలీలు (కొనలో బెలూన్ ఉన్న గొట్టాలు) రెండు, స్పాంజ్ స్టిక్స్ నాలుగు, ఫెల్ట్ ప్లెడ్జెట్లు (కుట్టు కోసుకుపోకుండా పెట్టే మెత్తటి ముక్కలు), పెద్ద సూదితో 3-0 పాలీప్రొపిలీన్ దారం.

మధ్య గీత కోత. అన్యూరిజం మెడ దొరికితే రీనల్ ధమనుల కింద, హెమటోమా (పేరుకున్న రక్తం) కమ్మేసి ఉంటే లెస్సర్ ఒమెంటం గుండా డయాఫ్రం దగ్గర అయోర్టాకు క్లాంప్. తర్వాత రెండు ఇలియాక్ ధమనులకు. ఈ దశలో రెండు నిషేధాలు. అయోర్టానూ ఐవీసీనీ విడదీసే ప్రయత్నం చేయకండి. అవి అతుక్కుపోయి ఉంటాయి, విడదీస్తే ఒక రంధ్రం స్థానంలో రెండు చీలికలు వస్తాయి. ఇలియాక్ సిరల చుట్టూ లూపులు తిప్పడం కూడా అలాంటి పనే. రెండో నిషేధం, క్లాంప్ పడకముందు అన్యూరిజంను పిసకడం, ఎత్తడం. లోపలి గడ్డ, కొలెస్టరాల్ ముద్దలు రంధ్రం గుండా నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. క్లాంప్ వేసేలోపు ఉన్నట్టుండి ఎండ్-టైడల్ (వదిలే ఊపిరి చివరి) కార్బన్ డయాక్సైడ్ పడిపోతే మొదట అనుమానించాల్సింది అదే. రెట్రోపెరిటోనియల్ రక్తస్రావం ఉంటే సిస్టమిక్ హెపారిన్ వద్దు.

సంచి తెరవబోతున్నామని అనస్థీటిస్టుకు గట్టిగా చెప్పండి. తలవైపు బల్ల 15 డిగ్రీలు దించాలి. ఐవీసీ రంధ్రం గాలికి తెరుచుకుంటే ఎయిర్ ఎంబాలిజం (రక్తనాళాల్లోకి గాలి చేరడం) వస్తుంది. కోత సంచి ముందు భాగంలో, కాస్త ఎడమకు. గడ్డను ఎడమ నుంచి తీసుకుంటూ రండి, కుడి వెనక మూలలోది చివరన. అది కదలగానే నల్లటి రక్తం ఒక్కసారిగా ఉప్పొంగుతుంది. కొట్టుకోదు, చిమ్మదు, బావి ఊటలా నిండుతుంది, సక్షన్ చాలదు. వెంటనే వేలు రంధ్రంలో పెట్టండి. వేలు చాలినంతసేపు ఎవరూ కంగారు పడక్కర్లేదు. ఆ విరామంలో అనస్థీటిస్టు రక్తం ఎక్కించుకుంటారు.

ఆ తర్వాత అసిస్టెంట్ సంచి వెనక గోడ మీంచి ఐవీసీని రంధ్రానికి పైన ఒకటి, కింద ఒకటి స్పాంజ్ స్టిక్‌తో వెన్నుపూసకు అదిమిపెట్టాలి. గోడ సున్నం పేరుకుని గట్టిగా ఉంటే అది కుదరదు. అప్పుడు ఫోలీని రంధ్రం గుండా పైకి ఒకటి, కిందికి ఒకటి పంపి బెలూన్‌ను 10 నుంచి 30 మి.లీ. నీళ్లతో ఉబ్బించి మెల్లగా లాగి ఆనించండి. బెలూన్‌ను ఎక్కువ ఉబ్బిస్తే పలచని సిర చీలుతుంది, రక్తం ఆగేంత చాలు.

కుట్టు సంచి లోపలి నుంచే. రంధ్రం అంచుకు అవతల, గట్టి గోడ దొరికేచోట మొదలుపెట్టి, అయోర్టా గోడను లోతుగా పట్టుకుంటూ వరస కుట్టు. ఐవీసీ వెనక గోడ సూదికి తగలకుండా వేలితో చూసుకుంటూ ఉండాలి. గోడ సున్నంతో పెళుసుగా ఉంటే కుట్టు కోసుకుపోతుంది, ప్లెడ్జెట్లు పెట్టండి. చివరి ముడికి ముందు పై స్టిక్ వదిలి సిర రక్తంతో గాలి బయటికి పోనిచ్చి, అప్పుడు బిగించాలి. పెద్ద రంధ్రాన్ని లాగి కుడితే ఐవీసీ సగానికి సగం ఇరుకై తర్వాత గడ్డకడుతుంది. అలాంటప్పుడు డాక్రాన్ లేదా బోవైన్ పెరికార్డియం ప్యాచ్ మేలు. ఏదీ సాగక మనిషి చేజారుతుంటే రీనల్ సిరల కింద ఐవీసీని కట్టేయవచ్చు, మనిషి బతుకుతాడు. కాళ్లు బాగా వాస్తాయి, కాళ్ల కండరాల కంపార్ట్‌మెంట్లు బిగుసుకోలేదని గంట గంటకూ చూడాలి, కాళ్లు ఎత్తి ఉంచి కట్టు కట్టాలి.

రంధ్రం మూశాక మిగతాది మామూలు అన్యూరిజం ఆపరేషనే. లంబార్ నోళ్లు కుట్టి, ట్యూబ్ లేదా రెండు కాళ్ల గ్రాఫ్ట్, మీద సంచి గోడ, డుయోడినంకూ గ్రాఫ్ట్‌కూ మధ్య ఒమెంటం.

ఓపెన్ సర్జరీలో మరణాలు ప్రచురితమైన సిరీస్‌లలో సుమారు 30 శాతం దాకా ఉన్నాయి. కుటుంబానికి ఈ మాట ముందే చెప్పండి. ఏమీ చేయకపోతే దాదాపు బతకరన్నది కూడా అదే వాక్యంలో చెప్పాలి.

తర్వాతి రోజులు

రంధ్రం మూసిన కొన్ని గంటల్లో మూత్రం ధారగా వస్తుంది, గంటకు 200 మి.లీ. దాటడం మామూలే. ఇన్నాళ్లూ పట్టి ఉంచిన నీరు అది. వచ్చినంతా తిరిగి ఎక్కించకండి. పొటాషియం, మెగ్నీషియం ఆరు గంటలకోసారి చూసుకుని భర్తీ చేస్తే చాలు. క్రియాటినిన్ కొన్ని రోజుల్లో దిగుతుంది. దిగకుండా మూత్రం అలాగే ఆగి ఉంటే ట్యూబ్యులర్ నెక్రోసిస్ (కిడ్నీ నాళికల కణాలు చనిపోవడం) కావచ్చు. ఆ మాట అనుకునే ముందు గ్రాఫ్ట్ అంచు రీనల్ ధమనిని కప్పలేదని డాప్లర్‌తో నిర్ధారించుకోండి. డయాలసిస్ సంగతి: పొటాషియం ప్రాణాంతకంగా పెరిగితే తప్ప ఆపరేషన్‌కు ముందు దానికోసం గంటలు పోగొట్టుకోకండి.

ఇన్నాళ్లూ వేగంగా ప్రవహించిన ఉబ్బిన ఐవీసీలో ఒక్కసారిగా ప్రవాహం తగ్గుతుంది, గడ్డకు అనువైన పరిస్థితి. రక్తస్రావం ఆగిందని నమ్మకం కుదరగానే లో మాలిక్యులర్ వెయిట్ హెపారిన్ నివారణ డోసులో. క్రియాటినిన్ ఇంకా ఎక్కువుంటే మామూలు హెపారిన్. ఒక కాలు వాపు తగ్గి రెండో కాలిది తగ్గకపోతే ఇలియాక్ సిర డాప్లర్ చేయించండి. స్టెంట్ గ్రాఫ్ట్ అయితే నెల తర్వాత ఒక సీటీ, తర్వాత 6 నెలలకు, ఏడాదికి, ఆపైన ఏటా. ఆలస్యపు ఫేజ్ లేకుండా తీస్తే నెమ్మదిగా నిండే టైప్ 2 లీక్ తప్పించుకుంటుంది.

పొట్టలోని మిగతా ఫిస్టులాలు

సూత్రం ఒకటే, మూయాల్సింది కలిసే చోటును. దానికి పైన ఎక్కడో ధమనిని కట్టేస్తే వారాల్లో పక్క కొమ్మలు పెరిగి ఫిస్టులా మళ్లీ నిండుతుంది, ఈసారి కాథెటర్ వెళ్లే దారి కూడా మిగలదు. అలాగే ఎక్కడైనా సరే పార్టికల్స్ (నాళం మూయడానికి వదిలే సూక్ష్మ రేణువులు) వాడకండి. అవి రంధ్రం దాటి ఊపిరితిత్తుల్లో, పోర్టల్ ఫిస్టులా (పేగుల రక్తం కాలేయానికి తెచ్చే సిరలోకి పడినది) అయితే కాలేయంలో తేలతాయి. గ్లూ కూడా వేగమైన ప్రవాహంలో జారిపోతుంది. డిటాచబుల్ కాయిల్స్ నాళంకంటే 20 నుంచి 30 శాతం పెద్దవి, ప్లగ్ అయితే 30 నుంచి 50 శాతం పెద్దది, అవసరమైతే ముందు బెలూన్‌తో ప్రవాహం ఆపి.

కిడ్నీ బయాప్సీ తర్వాతి ఫిస్టులాలు ఎక్కువ భాగం వాటంతటవే మూసుకుంటాయి. డాప్లర్‌తో గమనిస్తే చాలు. ఆగని హెమచూరియా (మూత్రంలో రక్తం), కొత్తగా వచ్చిన బీపీ, పెరుగుతున్న సైజు ఉంటేనే మైక్రోకాథెటర్‌తో ఆ ఒక్క కొమ్మ దాకా వెళ్లి మూయాలి.

డిస్క్ ఆపరేషన్ తర్వాతిది వేరే రకం. ఎల్4-ఎల్5 దగ్గర పరికరం డిస్క్ ముందు పొర దాటి వెళ్లి ఇలియాక్ ధమనినీ దాని కింది సిరనూ కలిపి కొరుకుతుంది. పేషెంటు వయసులో చిన్నవాడు, అన్యూరిజం ఉండదు, నెలలు ఏళ్లు గడిచాక గుండె వైఫల్యంతో వస్తాడు. వీపు మీద పాత మచ్చ చూసి పొట్ట మీద స్టెతస్కోప్ పెడితే దొరికిపోతుంది. ఇలియాక్ ధమనిలో కవర్డ్ స్టెంట్‌తో చాలావాటికి సరిపోతుంది, రంధ్రం చీలిక దగ్గరే ఉంటే రెండు కాళ్ల గ్రాఫ్ట్ కావాలి.

పేగు కోసినప్పుడు మెసెంటరీలో ధమని, సిర కలిపి ఒకే కుట్టులో కట్టడం వల్ల మెసెంటరిక్ ఫిస్టులా, అనేక కాన్పులైన స్త్రీలలో స్ప్లీనిక్ ధమని అన్యూరిజం సిరలోకి పగలడం వల్ల స్ప్లీనిక్ ఫిస్టులా, కాలేయ బయాప్సీ లేదా గాయం తర్వాత ధమనికీ పోర్టల్ సిరకూ మధ్య ఫిస్టులా వస్తాయి. ఈ మూడింటిలో గుండె వైఫల్యం కంటే పోర్టల్ హైపర్‌టెన్షన్ (పోర్టల్ సిరలో అధిక పీడనం) ముందు కనబడుతుంది, కాలేయం వడపోతలా అడ్డుంటుంది కాబట్టి. సిర్రోసిస్ లేని మనిషికి అసైటిస్ (పొట్టలో నీరు), వేరిసీస్ (అన్నవాహికలో ఉబ్బిన సిరలు), విరేచనాలు ఉంటే పోర్టల్ సిర డాప్లర్‌లో ధమనిలా కొట్టుకునే ప్రవాహం ఉందేమో చూడండి. మూశాక ఉబ్బిన పోర్టల్ సిరలో గడ్డ కట్టే ప్రమాదం ఉంది, వారంలోపు ఒక డాప్లర్ తప్పనిసరి. సిర్రోసిస్ కాలేయంలో సీటీలో అక్కడక్కడా కనబడే చిన్న షంట్ల జోలికి మాత్రం వెళ్లక్కర్లేదు.

ఒక్క జబ్బును ఈ లెక్కలోంచి తీసేయండి. ముక్కు నుంచి పదేపదే రక్తం, పెదవుల మీద ఎర్ర చుక్కలు, కుటుంబంలో ఇంకొకరికి అదే. అది వంశపారంపర్య హెమరేజిక్ టెలాంజియెక్టేసియా. అందులో కాలేయం నిండా షంట్లే ఉంటాయి, పిత్తనాళాలకు రక్తం ఇచ్చేది కాలేయ ధమనే. దాన్ని ఎంబొలైజ్ చేస్తే (లోపలి నుంచి మూసేస్తే) పిత్తనాళాలు, కాలేయం కుళ్లిపోతాయి. బయాప్సీ కూడా చేయకూడదు. డైయురెటిక్స్, రక్తహీనత సరిచేయడం, ఆపైన బెవాసిజుమాబ్ (కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే మందు), చివరికి కాలేయ మార్పిడి, ఆ వరసలోనే వెళ్లాలి. మీ పేషెంటులో ఆ లక్షణాలేవీ మీరు రాయలేదు, సీటీకి పంపించండి.